గర్భిణీరక్షణము – గర్భిణీసమ్మతి: ప్రాచీనగ్రంథముల సాక్ష్యము

సంతానవిషయమున స్త్రీకి గల స్వేచ్ఛను గూర్చి వాదము వచ్చినప్పుడెల్ల మన ప్రాచీనగ్రంథములు ఇరుపక్షములవారి చేతను సాక్ష్యమునకు పిలువబడుచున్నవి. గర్భవతికి మన పూర్వులు చూపిన ఆదరము అసామాన్యమని ఒక పక్షము వాదించును. స్త్రీని సంతానసాధనముగా మాత్రమే చూచిరని వేఱొక పక్షము వాదించును. ఇరువురును తమకు వలసిన వాక్యములను చూపగలరు గనుకనే ఈ వాదము తెగుట లేదు. వాక్యములను విడివిడిగ పరిశీలించినచో రెండు వేర్వేఱు విషయములు ఇందు ఒకటిగా కలిసిపోయినట్లు తెలియును. గర్భిణికి ఏమి ఈయవలెను అన్నది ఒక ప్రశ్న. గర్భిణిని ఏమి అడుగవలెను అన్నది మఱొక ప్రశ్న. మొదటిదానిని రక్షణ మనియు, రెండవదానిని సమ్మతి యనియు వ్యవహరింపవచ్చును. ధర్మశాస్త్రము, అర్థశాస్త్రము, ఆయుర్వేదము, ఇతిహాసము, కావ్యము అను ఐదింటి నుండి కొన్ని స్థలములను గ్రహించి ఈ రెండింటి పరిమాణములను తూచుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

రక్షణమునకు సంబంధించిన విధులు సమృద్ధిగా కలవు. మనుస్మృతి మూడవ అధ్యాయమున అతిథిపూజాప్రకరణములో కొత్తగా కాపురమునకు వచ్చిన వధువులకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటె ముందుగనే, సంకోచింపక అన్నము పెట్టవలెనని విధి యున్నది. అతిథిని దేవతగా భావించిన వ్యవస్థలో ఆ దేవతకంటె ముందు గర్భిణికి విస్తరి వేయించుట సామాన్యవిషయము కాదు. యాజ్ఞవల్క్యుడును ఆచారాధ్యాయమున బాలవృద్ధులతో పాటు గర్భిణికి ముందు పెట్టి, మిగిలినది దంపతులు భుజింపవలె ననెను. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము రెండు నెలలు దాటిన గర్భిణి యొద్ద రేవులో కేవు పుచ్చుకొనరాదని చెప్పుచున్నది. కౌటిల్యుడు నావధ్యక్షప్రకరణమున ఇదే సౌకర్యమును ఇంకను వ్యావహారికముగ చెప్పెను: గర్భిణి నావధ్యక్షుని ముద్రతో నది దాటవచ్చును. అనగా ఇది రేవుకాపరి దయకు విడిచిన మాట కాదు, కార్యాలయము నుండి పొందదగిన పత్రము. నేరమును ఒప్పించుటకై దండించి విచారించు పద్ధతి నుండి గర్భిణిని, ప్రసవించి నెల దాటని బాలింతను అర్థశాస్త్రము పూర్తిగా మినహాయించినది. గర్భవిచ్ఛిత్తి కలిగించిన వానికి మూడు తరగతుల దండనము విధించినది: కొట్టి గర్భము పోగొట్టినచో ఉత్తమసాహసము, మందు పెట్టి పోగొట్టినచో మధ్యమసాహసము, క్లేశపెట్టుట చేత పోయినచో పూర్వసాహసము. గర్భిణిని పనితో, బాధతో వేధించుట సైతము శిక్షార్హమైన నేరముగ లెక్కింపబడుట గమనింపదగినది.

ఈ వరుసలో విశేషముగ నిలువదగిన విధి దాసకల్పమున నున్నది. గర్భిణియైన దాసిని, ఆమె గర్భపోషణమునకు ప్రసవమునకు తగిన ఏర్పాటు చేయకుండ అమ్మినవాడు గాని కుదువ పెట్టినవాడు గాని పూర్వసాహసదండమునకు పాత్రుడని కౌటిల్యుని శాసనము. కొన్నవానికి, ఆ వ్యవహారమునకు సాక్షిగ నున్నవానికి కూడ అదే దండము. ఆ ఏర్పాటునకు ఆయన వాడిన పదము గర్భభర్మణ్య. భర్మ మనగా భరణము, కూలి, పోషణద్రవ్యము. పనిచేయు స్త్రీకి ప్రసవకాలపు పోషణము యజమాని బాధ్యత యన్న భావన ఈ పదములో బీజరూపమున నున్నదని చెప్పుట అతిశయోక్తి కాదు. భారతదేశమున 1961లో ప్రసూతి ప్రయోజనముల చట్టము వచ్చినది. 2017లో దానిని సవరించి మొదటి ఇరువురు బిడ్డల విషయమున జీతముతో కూడిన సెలవును 12 వారముల నుండి 26 వారములకు పెంచిరి. అయినను పొలము కూలీలకు, ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలకు ఆ చట్టపు ఫలము చాలవఱకు అందుట లేదు. కౌటిల్యుడు తన సమాజములో అట్టడుగున నున్న దాసితో ఈ విధిని ముడిపెట్టగా, ఆధునికచట్టము నెలజీతము గల ఉద్యోగినికే ప్రధానముగ ఉపయోగపడుట ఒక వైచిత్రి. అంత మాత్రమున కౌటిల్యుని కాలము ఉత్తమమని కాదు. ఆ విధి దాసి విక్రయమును నిషేధింపలేదు. విక్రయమునకు ఒక నియమము చేర్చినది, అంతే.

ఈ విధులన్నింటి వాక్యనిర్మాణమును వైయాకరణదృష్టితో చూచినచో ఒక సామ్యము కనబడును. వడ్డించువాడు గృహస్థుడు, దాటించువాడు నావికుడు, దండించువాడు రాజు. కర్తృస్థానమున వీరు నిలుతురు. గర్భిణి కర్మగనో, సంప్రదానముగనో ఉండును. ఆమె క్రియ చేయు వాక్యము అరుదు. అమరకోశము ఇచ్చిన పర్యాయములు సైతము ఆపన్నసత్త్వ, గుర్విణి, అంతర్వత్ని, గర్భిణి యని ఆమెలో నున్నదానిని బట్టి ఏర్పడినవే. అంతర్వత్నీశబ్దమును సాధించు పాణినిసూత్రమే (4.1.32) భర్త జీవించియున్న స్త్రీని చెప్పు పతివత్నీశబ్దమును కూడ సాధించుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, ఆ కాలపు దృష్టికి చక్కగ సరిపోయినది.

రక్షణము ఎవరిదన్న ప్రశ్నకు కూడ గ్రంథములే సమాధానము చెప్పుచున్నవి. పురుషుని చంపిన స్త్రీకి నీట ముంచు మరణశిక్షను చెప్పుచు కౌటిల్యుడు, ఆమె గర్భిణి యైనచో ప్రసవించి నెల గడచిన పిమ్మట ఆ శిక్ష అమలు జరుపవలె ననెను. ఇచ్చట రక్షింపబడినది గర్భము, గర్భిణి కాదు. ఈ భేదము స్వతంత్రభారతమున సైతము చాలకాలము నిలిచినది. 1973 నాటి నేరవిచారణస్మృతి గర్భిణికి మరణశిక్షను వాయిదా వేయుటకు గాని, తగ్గించుటకు గాని హైకోర్టునకు అధికార మిచ్చినది. వాయిదా యన్న మాటను తొలగించి యావజ్జీవశిక్షగ తగ్గింపవలసినదే యన్న నియమము 2008 నాటి సవరణచట్టముతో వచ్చినది. 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహితయు దానినే నిలిపినది. అభిజ్ఞానశాకుంతలము ఆఱవ అంకమున ఓడమునిగి మరణించిన ధనమిత్రుని కథలోను ఇదే కనబడును. ఆ వర్తకుని సొమ్ము రాజునకు చెందవలసినదని మంత్రి వ్రాయగా, అతని భార్యలలో ఒకతె గర్భవతి యని తెలిసికొని, పితృధనమునకు గర్భస్థశిశువు అర్హమని దుష్యంతుడు తీర్పు చెప్పును. రాజు ధర్మబుద్ధి ప్రశంసనీయమే. అయితే సొమ్ము శిశువునకు దక్కినది. తక్కిన భార్యల ప్రసక్తి యక్కడ లేదు.

దోహదము

గర్భిణి కోరిక ప్రామాణికమైన విషయము ఒక్కటి కలదు. అది దోహదము, మన ఇండ్లలో వేవిళ్ళనాటి కోరికలుగ ప్రసిద్ధము. చరకసంహిత శారీరస్థానము నాలుగవ అధ్యాయము దీనికి శాస్త్రీయమైన ఉపపత్తిని చెప్పినది. గర్భస్థశిశువు హృదయము మాతృజము. రసవాహినుల ద్వారా తల్లి హృదయముతో దానికి సంబంధ మున్నది. కావున ఆమె ద్విహృదయ. ఆమె కోరికను అవమానించుట గర్భమునకు హాని. కోరిక మిక్కిలి తీవ్రమైనచో, అహితమైన పదార్థమునైనను హితమైనదానితో కలిపి ఈయవలెనని ఆత్రేయుని మతము. సుశ్రుతుడును శారీరస్థానము మూడవ అధ్యాయమున దౌహృదము నెఱవేరకున్నచో కలుగు వైకల్యములను పేర్కొనెను. యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయమున ఈ విషయమునే ధర్మముగ చెప్పి, గర్భిణికి ప్రియము చేయవలెనని ఆదేశించినది. వైద్యము, ధర్మము రెండును ఏకకంఠముగ ఒక స్త్రీ కోరికకు ఇంత విలువ నిచ్చిన ఘట్టము వేఱొకటి లేదని చెప్పవచ్చును.

ఇందలి చిక్కు ఉపపత్తిలోనే యున్నది. ఆ కోరిక ఆమెది గనుక తీర్పవలెనని శాస్త్రము చెప్పలేదు. అది శిశువు హృదయము నుండి పుట్టినది గనుక తీర్పవలెననెను. ఆమె నోటి వెంట వచ్చినను ఆ మాట మఱొకరిది. ప్రసవము కాగానే ఆ ప్రామాణ్యము అంతరించును.

రఘువంశము మూడవ సర్గలో కాళిదాసు ఈ సంప్రదాయమును కోమలముగ చిత్రించెను. సుదక్షిణ సిగ్గుచేత తన కోరికలను చెప్పదని తలచి, దిలీపుడు ఆమె చెలికత్తెలను మాటిమాటికి అడుగుచుండును. భర్త ప్రేమకు ఇది ఉదాహరణమని వ్యాఖ్యానింపబడుచున్నది. అది నిజమే. అయినను అడిగినది చెలులను, ఆమెను కాదు. రామాయణము ఉత్తరకాండమున దోహదము మఱింత దారుణమైన మలుపు తిరిగినది. గర్భవతియైన సీతను ఏమి కావలెనని రాముడే స్వయముగ అడిగెను. గంగాతీరమున నున్న ఋషుల ఆశ్రమములను చూడవలెనని ఆమె కోరెను. లోకాపవాదము వినిన పిమ్మట ఆమెను అడవిలో విడిచివచ్చుటకు ఆ కోరికయే మార్గమైనది. లక్ష్మణుని రథమెక్కునప్పుడు ఆమె తన కోరిక తీరుచున్నదనియే తలచెను. ప్రశ్న అడుగబడినది, సమాధానము చెప్పబడినది, కోరిన చోటికే తీసికొనిపోబడినది. అయినను దానిని సమ్మతి యనుటకు ఎవరును సాహసింపరు, ప్రయాణముయొక్క ప్రయోజనము ఆమెకు తెలియదు గనుక. విషయము తెలిసిన పిమ్మట ఇచ్చినదే సమ్మతి యన్న నేటి వైద్యన్యాయసూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన వ్యతిరేకోదాహరణము సాహిత్యమున దొరకుట కష్టము.

ప్రసంగవశమున ఒక మాట. తెలుగున దోహదశబ్దము నేడు సహాయము, ప్రోత్సాహము అను అర్థములలో స్థిరపడినది. గర్భిణి కోరిక నుండి, చెట్లు అకాలమున పూచుటకై చేయు క్రియకును, అచ్చట నుండి ఎరువునకును, పిమ్మట వృద్ధికి తోడ్పడు దేనికైనను ఆ పదము వ్యాపించినది. అర్థవిపరిణామమును బోధించునప్పుడు చెప్పదగిన పదమిది. ఈ ప్రయాణమున మొదట జాఱిపోయినది కోరుకొనిన స్త్రీయే.

ప్రసవకాలము

ఆయుర్వేదగ్రంథములలో ప్రసవవిధి చదువునప్పుడు కలుగు మొదటి అభిప్రాయము, అది స్త్రీల అనుభవమును విని వ్రాసినదని. చరకుని శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయము ఇందుకు ముఖ్యాధారము. సూతికాగారమున ఉండవలసినవారు అనేకప్రసవములు చూచిన, స్నేహశీలలైన, క్లేశమునకు ఓర్చు స్త్రీలు. నొప్పి రానిదే ముక్కవలదని వారు ఆమెకు చెప్పవలెను. అకాలమున చేసిన ప్రయత్నము వ్యర్థమగుటయే కాక తల్లికి బిడ్డకు కీడు చేయును. మన పల్లెల మంత్రసానులు చెప్పుచుండిన మాటయు ఇదియే.

ఆ అధ్యాయమున ఒక వాదము నమోదైనది. ప్రసవము ఆలస్యమగునప్పుడు స్త్రీ చేతికి రోకలి ఇచ్చి ధాన్యము దంపించవలెనని కొందఱి మతము. ఆత్రేయుడు దానిని నిరాకరించెను. గర్భిణికి కఠినవ్యాయామము ఎల్లప్పుడును వర్జ్యము. విశేషించి ప్రసవకాలమున ఆమె సుకుమారి, వాతము ప్రకోపించి ప్రాణములకే ముప్పు తేగలదు. కావున రోకలి వలదు, ఆవులింతయు అటునిటు నడచుటయు చాలును. అప్పటికి వాడుకలో నున్న ఒక ఆచారమును, అది ఆచారమన్న కారణమున అంగీకరింపక, స్త్రీ శరీరమునకు కలుగు ఫలమును బట్టి తూచి త్రోసివేసిన ఘట్టమిది. ఆచారమునకు శాస్త్రము ఎదురు నిలిచిన స్థలములను వెదకువారు దీనిని ఉపేక్షింపరాదు.

అదే అధ్యాయమున ముహూర్తప్రసక్తి యున్నది. తొమ్మిదవ నెల ప్రవేశించిన పిమ్మట, పుణ్యదినమున, ప్రశస్తనక్షత్రయోగమున గర్భిణి సూతికాగారమును ప్రవేశింపవలెను. ముహూర్తము గృహప్రవేశమునకు గాని ప్రసవమునకు కాదు. కాలము పరిపక్వమైనప్పుడు తొడిమ నుండి విడివడు పండుతో ప్రసవమును సుశ్రుతుడు పోల్చెను. వరాహమిహిరుని బృహజ్జాతకమున జన్మవిధిని గూర్చిన అధ్యాయమును చూచినను, పుట్టిన కాలమును బట్టి ప్రసవపరిస్థితులను ఊహించు రీతియే కలదు. జననమునకు లగ్నము నిర్ణయించు రీతి లేదు. జాతకము పుట్టుకను అనుసరించును. నేడు పుట్టుకయే జాతకమును అనుసరించుచున్నది. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము శస్త్రచికిత్సతో జరిగిన ప్రసవములు దేశమున 21.5 శాతము కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతము, తెలంగాణలో 60.7 శాతము. దేశములోని రాష్ట్రము లన్నింటిలో తెలంగాణదే అగ్రస్థానము. ఏ ప్రాంతమునందైనను ఈ సంఖ్య 10 నుండి 15 శాతమునకు మించుటకు సమర్థన లేదని 1985లో ప్రపంచారోగ్యసంస్థ అభిప్రాయపడినది. ఇందుకు కారణములు అనేకములు. ప్రైవేటు ఆసుపత్రుల ఆదాయము ఒకటి. నొప్పుల భయము, మొదటి కానుపు కోతతో జరిగినచో రెండవదియు అట్లే జరుగు అలవాటు మఱికొన్ని. ముహూర్తము చూచి కోత కోరుటయు ఒక కారణమని వైద్యులు, ప్రభుత్వాధికారులు తెలంగాణలో పలుమాఱులు చెప్పియున్నారు.

అడ్డముపడిన బిడ్డ విషయమున కోత ప్రాణదాత యన్న సంగతిని ఎవరును కాదనరు. ఒకప్పుడు అట్టి కానుపులో తల్లీబిడ్డలు ఇరువురును పోవుట సాధారణము. విచారింపవలసినది ఆ నిర్ణయము ఎవరిదన్నది. పంచాంగము చూచువాడు పురోహితుడు, సమయము కోరునది అత్తవారో పుట్టినింటివారో, సమయము ఇచ్చునది వైద్యుడు. కోత పడునది ఆమె కడుపునకు. సంప్రదాయము పేరు చెప్పి ముహూర్తపు కోతను సమర్థించువారికి చరకసుశ్రుతులలో గాని, వరాహమిహిరునిలో గాని ఆధారము లేదని మాత్రము నిస్సందేహముగ చెప్పవచ్చును.

అధిపతి అనుమతి

శస్త్రకర్మకు అనుమతి యన్న విషయము సుశ్రుతసంహిత చికిత్సాస్థానము పదునైదవ అధ్యాయమున సూటిగ వచ్చినది. మూఢగర్భమును, అనగా అడ్డముపడిన గర్భమును తీయుట శస్త్రకర్మలలో కష్టతమమని సుశ్రుతుడు చెప్పెను. కంటికి కనబడని చోట చేతి స్పర్శతో చేయవలసిన పని యది. కావున వైద్యుడు అధిపతిని అడిగి, పరమయత్నముతో ఆరంభింపవలెను. బ్రతికియున్న శిశువును ఎట్టి పరిస్థితిలోను శస్త్రముతో ఛేదింపరాదు, అట్లు చేసినచో తల్లియు శిశువును నశింతురు. మరణించిన గర్భమును ముహూర్తకాలమైనను ఉపేక్షింపరాదు, అది తల్లిని చంపును. స్త్రీని ఊరడించి శస్త్రము పట్టవలెను. ఏ అవయవము తగులుకొనినదో దానిని తొలగించుచు స్త్రీని యత్నపూర్వకముగ కాపాడవలెను.

ఈ ప్రకరణమున రెండు క్రియలు పరిశీలింపదగినవి. అధిపతిని అడుగుట ఒకటి, స్త్రీని ఊరడించుట రెండవది. అధిపతి యనగా రాజని గాని, భర్త మొదలైన సంరక్షకుడని గాని అర్థము చెప్పుకొనవచ్చును. ఏ అర్థమునందైనను ఆ పదము స్త్రీని చెప్పదు. అనుమతి ఒకరిది, ఆశ్వాసము మఱొకరిది. దీనిని బట్టి ప్రాచీనవైద్యము స్త్రీని అవమానించినదని తీర్పు చెప్పుటకు తొందరపడరాదు. అశ్మరీచికిత్సలో కూడ సుశ్రుతుడు ప్రభువును అడిగి శస్త్రకర్మ చేయవలె ననెను. చేయకున్న మరణము నిశ్చయము, చేసినను సంశయము; అందుచేత అడుగవలెను. చరకుడు ఉదరరోగచికిత్సలో జ్ఞాతులను, మిత్రులను, భార్యను, బ్రాహ్మణులను, రాజును, గురువులను పిలిచి, సంశయమును చెప్పి, వారి అనుజ్ఞతో కర్మ చేయవలె ననెను. పురుషరోగి విషయమున అడుగవలసినవారిలో భార్య యున్నది. రోగి సమ్మతి వేఱుగ చెప్పబడలేదు. కావున ఈ విధులలో అనుమతి ప్రధానముగ వైద్యునికి అపవాదము రాకుండుటకు ఏర్పడినది. రోగి స్వాతంత్ర్యమన్న భావన అప్పటికి స్త్రీపురుషులిరువురి విషయమునను ఏర్పడలేదనుట న్యాయము. భేదమంతయు ఒక్కచోట నున్నది: పురుషుని కొఱకు భార్య కూడ పలుకగలదు, స్త్రీ కొఱకు అధిపతియే పలుకవలెను.

ఈ భేదము చట్టమున తొలగిపోవుటకు చాలకాలము పట్టినది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టము ప్రాప్తవయస్క యైన స్త్రీ సమ్మతి ఒక్కటియే చాలునని, భర్త అనుమతి అక్కఱలేదని స్థాపించినది. 2008లో సర్వోన్నత న్యాయస్థానము మఱొక వ్యాజ్యమున, పరీక్షకై మత్తు ఇచ్చిన స్త్రీకి ఆమె తల్లి అనుమతితో గర్భాశయము తొలగించుట చెల్లదని తీర్పు చెప్పినది. ప్రాణాపాయము లేనప్పుడు వివేకము గల స్త్రీకి బదులుగ కన్నతల్లి సైతము సమ్మతి ఈయజాలదు. 2009లో సంతానవిషయకమైన ఎంపిక రాజ్యాంగము 21వ అధికరణమున చెప్పిన వ్యక్తిస్వేచ్ఛలో భాగమని, 2022లో ఈ విషయమున వివాహితకు అవివాహితకు భేదము పాటింపరాదని అదే న్యాయస్థానము చెప్పినది. అయినను ఆసుపత్రిలో కాగితము మీద భర్త సంతకమునకై నిరీక్షించుట మానలేదు. అధిపతి శబ్దము గ్రంథములో నిలిచిపోయినది గాని, అర్థము బయట తిరుగుచున్నది.

నిరాకరణము

సమ్మతికి నిజమైన పరీక్ష నిరాకరణమున నున్నది. కాదని చెప్పు అధికారము లేనివాని అవునునకు విలువ తక్కువ. అర్థశాస్త్రము వివాహప్రకరణమున కౌటిల్యుడు ఇట్టి అధికారమును కొందఱు భార్యలకు ఇచ్చెను. పుత్రులను కన్నది, ధర్మాచరణమునే కోరునది, గొడ్రాలు, మృతశిశువును కన్నది, ఋతువుడిగినది, ఇట్టి భార్య అకామ యైనచో భర్త ఆమెను చేరరాదు. 2023 నాటి భారతీయ న్యాయసంహిత 63వ విభాగపు మినహాయింపులో, పదునెనిమిదేండ్లు నిండిన భార్య విషయమున ఆమె ఇష్టానిష్టముల ప్రశ్నయే లేకపోవుటను దీనితో పోల్చినచో కౌటిల్యుని వాక్యము ఆశ్చర్యము కలిగించును.

కాని ఆ పట్టికలో లేనిది ఎవరో చూడవలెను: ఇంకను పుత్రుని కనని, కనగల భార్య. అనగా వంశమునకు వలసినది ఇచ్చిన పిమ్మట, లేదా ఈయజాలదని తేలిన పిమ్మటనే ఆమె ఇష్టానికి చోటు. దీనికి తరువాతి వాక్యములు అనుమానమునకు తావీయవు. కుష్ఠురోగిణినో, ఉన్మత్తనో ఇష్టము లేని పురుషుడు చేరనక్కఱలేదు. స్త్రీ మాత్రము పుత్రునికై అట్టి పురుషుని సైతము చేరవలెను. ఒకే ప్రకరణమున సమ్మతియు, దాని అభావమును ప్రక్కప్రక్కన నిలిచినవి. సంతానభారము స్త్రీమీదనే వ్రాలుట నేటికిని తగ్గలేదు. సంతానము చాలుననుకొన్నప్పుడును శస్త్రచికిత్స ఆమెకే: ఐదవ జాతీయసర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పదునైదు నుండి నలుబదితొమ్మిదేండ్ల వివాహితలలో సుమారు పదింట ఏడుగురు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొనినవారు, పురుషులు నూటికొకరు లేరు.

మహాభారతము ఆదిపర్వమున ఈ ప్రశ్న రెండు తరముల స్త్రీల నోట వచ్చినది. విచిత్రవీర్యుడు మరణించిన పిమ్మట సత్యవతి కోడలైన అంబికతో, బావగారు రాత్రి వచ్చునని మాత్రమే చెప్పెను. ఎవరో చెప్పలేదు. అంబిక భీష్ముని, ఇతర కురువీరులను తలచుచు పడుకొనియుండెను. వ్యాసుని రూపము చూచి కన్నులు మూసికొనెను. బిడ్డ గ్రుడ్డివాడగుటకు ఆ కన్నుమూతయే కారణమని కథ. చెప్పకుండుటను కథ తప్పుపట్టలేదు. రెండవమాఱు పంపబోగా అంబిక అత్తమాటకు ఎదురు చెప్పలేదు, ఆచరింపనులేదు. తన నగలు పెట్టి దాసిని పంపెను. రాజపత్ని నిరాకరణమునకు మూల్యము దాసి చెల్లించినది. ఆమెను ఎవరు అడిగిరో భారతము చెప్పదు, ఆమె పేరును చెప్పదు. సంతుష్టుడైన ముని ఆమెకు దాస్యవిముక్తి ననుగ్రహించెను. ధర్మజ్ఞుడైన విదురుడు ఆమె కడుపున పుట్టెను. స్త్రీల హక్కులను ఏకరాశిగ భావించువారు ఈ గదిలోని ఇద్దఱు స్త్రీలను వేఱువేఱుగ చూడవలసి యున్నది.

కుంతి కథ వేఱు. ముగ్గురు కుమారులు కలిగిన పిమ్మటను పుత్రలోభముచేత పాండురాజు ఆమెను మఱల నియోగింపబోయెను. ఆపదలయందైనను నాల్గవ ప్రసవమును పెద్దలు చెప్పరని కుంతి సమాధానము. అంతకు మించినచో స్త్రీకి వచ్చు నిందాపదములను ఆమెయే ఉచ్చరించి, ధర్మము తెలిసియు దానిని దాటి ఇట్లేల పలుకుదువని భర్తను అడిగెను. భర్త ఆజ్ఞను ధర్మమూలముననే నిరోధించుట ఇందలి విశేషము. తన అలసటను గాని అయిష్టమును గాని ఆమె హేతువుగ చెప్పలేదు, చెప్పినను చెల్లుబడి యగునను నమ్మకము ఆమెకు లేకపోవచ్చును. భండార్కరు ప్రాచ్యవిద్యాసంస్థ పరిష్కృతప్రతిలో ఆ ప్రశ్నతో 114వ అధ్యాయము ముగియును. పాండురాజు ప్రత్యుత్తరము లేదు. తరువాతి అధ్యాయమున మాద్రికై అతడు అర్థింపగా కుంతి ఒక్కమాఱు మంత్రము నుపదేశించెను, కవలలు పుట్టిరి. మఱల మాద్రికై అడిగినప్పుడు, ఒక్కమాఱని చెప్పగా ఇద్దఱిని పొంది మాద్రి తన్ను వంచించినదని, ఇకమీదట తనకు ఇట్టి ఆజ్ఞ ఈయవలదని, అదియే తనకు వరముగ ఈయవలసినదని కుంతి పలికెను. మొదట ధర్మముగ చెప్పినదానిని రెండవమాఱు వరముగ కోరవలసివచ్చినది. పాండురాజు మఱి అడుగలేదు.